డబుల్ డిలైట్ గులాబీ నాటితే చిన్న తెల్లపూలు పూస్తున్నాయి, రంగు మారిపోయిందా?

తొలిచిగురు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మూడేళ్ల కిందట ఒక డబుల్ డిలైట్ అంటుమొక్క తెచ్చి పెద్ద కుండీలో నాటాను. మొదటి ఏడాది అరడజను పూలు పూసింది. రెండో ఏడాది నేను లెక్కపెట్టడం మానేశాను. మధ్యలో వెన్నరంగు, అంచులకు ఎవరో కుంచెతో ఎరుపు దిద్దినట్టు ఉండేది. వాసన సంగతి చెప్పక్కర్లేదు, ఒక్క పువ్వు పెడితే గదంతా నిండిపోయేది.

పోయిన వేసవిలో కొమ్మలు పైనుంచి నల్లబడి ఎండుతూ వచ్చాయి. టెన్షన్ పడి బాగా కిందికి కత్తిరించేశాను. ఆ తర్వాత మొదట్లోంచి ఒక కొమ్మ లేచింది, నెలన్నరలో నా భుజం దాటిపోయింది! బతికిందిరా దేవుడా అనుకుని ఇంకాస్త ఎరువు కూడా వేశాను. ఇప్పుడు గుత్తులు గుత్తులుగా పూసింది. కానీ పూలు బొటనవేలి గోరుకు రెట్టింపు ఉంటాయేమో, అంతే. తెల్లగా, అయిదే రేకులు, మధ్యలో పసుపు పుప్పొడి. ఎరువు మార్చడం వల్ల రంగు పోయిందా? మళ్లీ పాత ఎరువు వేస్తే తిరిగొస్తుందా?

మేడమీదిమట్టి
తొలిచిగురు గారూ, స్వాగతం. డబుల్ డిలైట్ రంగు ఎండను బట్టి ఉంటుందండీ. మొగ్గ విచ్చినప్పుడు వెన్నరంగులోనే ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ అంచుల నుంచి ఎరుపు లోపలికి పాకుతుంది. నా దగ్గర ఒకటి గోడ నీడలో ఉండేది, దాని పూలు పాలిపోయినట్టే విచ్చేవి. అదే కుండీని నాలుగడుగులు జరిపితే తర్వాతి పూత ఎర్రగా వచ్చింది. మీ కుండీకి రోజుకు ఆరు గంటల ఎండ పడుతోందా? ముందు అది చూడండి.

కత్తెర
ఎండ తగ్గితే రంగు తగ్గుతుంది, నిజమే. పాతిక, ముప్పై రేకుల పువ్వు మాత్రం అయిదు రేకులకు పడిపోదు.

తొలిచిగురు గారూ, మూడు విషయాలు చూసి చెప్పండి. ఒకటి, ఆ పొడుగు కొమ్మ ఎక్కణ్ణుంచి లేచింది? అంటు ముడికి, అంటే రెండు మొక్కల్ని కలిపి కట్టిన చోటుకి, పైనుంచా, కిందనుంచా? మట్టి అడ్డమొస్తే వేలితో తవ్వి చూడండి. రెండు, దాని ఆకు రెమ్మకు ఎన్ని ఆకులున్నాయి? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రెమ్మ కాడ కొమ్మకు అతుక్కునే చోట రెండు వైపులా చిన్న రెక్కల్లాంటివి ఉంటాయి. వాటి అంచు నున్నగా ఉందా, దువ్వెన పళ్లలా చీలి ఉందా?

ముళ్లకంప
కత్తెర గారు పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు అడుగుతారు, కంగారు పడకండి 😄 మా అందరికీ అయిందే ఇది.

మీ మొక్క రంగు మార్చలేదండీ. మొక్కే మారిపోయింది. పైన కట్టిన డబుల్ డిలైట్ పోయి, కింద వేరు కోసం పెట్టిన నాటు గులాబీ మేడెక్కి కూర్చుంది. మీరు ఎరువు వేసి పెంచింది అద్దెకున్నవాణ్ణి. ఇంటివాడు ఎప్పుడో వెళ్లిపోయాడు.

మేడమీదిమట్టి
ముళ్లకంప గారూ, ఒక సందేహం. గులాబీల్లో ఒకే మొక్క మీద ఒక కొమ్మ వేరే రంగు పూయడం ఉంది కదా? ఐస్‌బెర్గ్ అనే తెల్ల గులాబీలో తీగ ఐస్‌బెర్గ్ అలా వచ్చిందేగా. గులాబీరంగు ఐస్‌బెర్గ్ కూడా అంతే.

కత్తెర
ఉంది. దాన్ని స్పోర్ట్ అంటారు. 1958లో జర్మనీలో కొత్త గులాబీలు తయారుచేసే కోర్డెస్ వాళ్లు ఐస్‌బెర్గ్ తెచ్చారు, 1968లో దాని తీగ రకం వచ్చింది, అది స్పోర్టే. కానీ స్పోర్ట్‌లో సాధారణంగా ఒక్క గుణమే మారుతుంది, రంగో, కొమ్మ పొడవో. పువ్వు సైజు, రేకుల లెక్క, పూసే తీరు, ఆకు అన్నీ ఒకేసారి మారాయంటే అది వేరే మొక్కే. అందుకే ఆకు చూడమన్నాను.

తొలిచిగురు
ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను, చేతులకు ముళ్లు గుచ్చుకున్నా పట్టించుకోలేదు. మట్టి రెండంగుళాలు తవ్వితే పిడికిలంత ముడి కనిపించింది. కొమ్మ ఆ ముడి కిందనుంచి, ఒక పక్క వేరు మీంచి లేచింది. ఆకులు రెమ్మకు ఏడు, కొన్నిటికి తొమ్మిది. ఇక ఆ రెక్కలు... నిజంగానే దువ్వెన పళ్లలా ఉన్నాయి! సన్నగా, జూలులా చీలి ఉన్నాయి. ఇన్ని రోజులూ రోజూ నీళ్లు పోస్తూ ఇది గమనించనే లేదు.

అంటే ఏడాదిగా నేను పెంచింది...?

కత్తెర
మల్టిఫ్లోరా. జూలు ఉంటే ఇక సందేహం లేదు. అంటు కట్టేటప్పుడు కింద వేరు కోసం చాలాచోట్ల పెట్టే మొక్క అది. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. వేరు కోసం పెట్టే మొక్కలు ఇంకా ఉన్నాయి. డాక్టర్ హ్యూయీ అయితే ముదురు ఎరుపు పూలు పూస్తాయి. "నా పసుపు గులాబీ రాత్రికి రాత్రి ఎర్రగా అయిపోయింది" అని ఎవరైనా అంటే తొంభై శాతం అదే.

ముళ్లకంప
ఏడాకుల లెక్క గురించి ఒక మాట, ఎందుకంటే నేను దాని వల్లే మునిగాను. "ఏడాకులుంటే నాటు పిలక, అయిదుంటే అసలుది" అని ఎవరో చెప్తే రెండేళ్ల పాటు పీస్ అనే గులాబీ మొక్క మొదట్లోంచి వచ్చిన ప్రతి ఏడాకుల కొమ్మనూ నరికేశాను. లావుగా, ఎర్రగా, మెరుస్తూ లేచిన కొమ్మలు! తర్వాత తెలిసింది, అవి అంటు ముడి పైనుంచి వచ్చిన అసలు కొమ్మలు. హైబ్రిడ్ టీలలో (డబుల్ డిలైట్ లాంటి పెద్ద పూల గులాబీలు) కూడా బలమైన కొమ్మకు ఏడాకులు వస్తాయి. ఒక గులాబీ మొక్క ముసలితనం పోగొట్టుకునేదే అలాంటి కొమ్మలతో. నేను ప్రతిసారీ దాని కొత్త కాళ్లు విరగ్గొట్టి, ఇదేమిటి నిలబడదు అని తిట్టుకున్నాను.

ఆకులు లెక్కపెట్టకండి, ఎక్కణ్ణుంచి లేచిందో చూడండి.

పాతగులాబీ
ఇందుకేనమ్మా, నేను అంటుమొక్కల జోలికే పోను. నా దగ్గర ఉన్నవన్నీ కొమ్మ గుచ్చి వేరు పట్టించినవే. పెన్సిలంత లావు కొమ్మ, పూసి వాడిపోయిన పువ్వు కిందది, జానెడు పొడవు. రెండాకులు ఉంచి మిగతావి తీసేసి సగం దాకా తడి ఇసుకలో గుచ్చడం, పైన ఒక గాజు సీసా బోర్లించడం, అంతే. ఓల్డ్ బ్లష్ గులాబీ గుచ్చితే పదిలో ఎనిమిది పట్టాయి నాకు. సొంత వేరు మీద ఉన్న మొక్కకు పిలక వచ్చినా అది ఆ పువ్వే పూస్తుంది. అద్దెవాళ్ల గొడవే లేదు.

మేడమీదిమట్టి
పాతగులాబీ గారూ, మీ చేయి మంచిది. నేను మిస్టర్ లింకన్ గులాబీ కొమ్మలు పన్నెండు గుచ్చితే ఒక్కటి వేరు పట్టింది, అది కూడా రెండేళ్లయినా మోకాలు దాటలేదు.

పాతగులాబీ
హైబ్రిడ్ టీలు అంతేనమ్మా. చాలావాటికి సొంత వేళ్ల మీద బలం చాలదు. వాటికి అంటు కట్టేది అందుకే, నేనేమీ కాదనను. చైనా గులాబీలు, బూర్బన్లు, మినియేచర్లు అయితే గుచ్చడమే మేలు.

నీలిగులాబీ
టాపిక్ పక్కకు పోతోందని తెలుసు, కానీ రకాల మాట వచ్చింది కాబట్టి నా ఏడుపు కూడా వినండి. బ్లూ మూన్ గులాబీ. ఫొటోలో ఆకాశం. ఇంటికొచ్చాక పూసింది చూస్తే వెలిసిపోయిన వంకాయరంగు చొక్కా. నా పేరు ఇలా పెట్టుకున్నది ఆ ఫొటో చూసిన రోజునే, ఇప్పుడు మార్చుకోవడానికి మనసొప్పట్లేదు.

కత్తెర
గులాబీకి నీలం రంగుకు కావాల్సిన డెల్ఫినిడిన్ అనే రంగు పదార్థం తయారుచేసుకునే శక్తి లేదు. అందుకే 'బ్లూ' పేరున్న ప్రతి గులాబీ ఊదానే. సంటోరీ అనే జపాన్ కంపెనీ వాళ్లు పాన్సీ పువ్వు జన్యువు చేర్చి తయారుచేసిన రకాన్ని 2009లో జపాన్‌లో అమ్మకానికి పెట్టారు, అదీ చూడ్డానికి లేత ఊదానే. ముదురు నీలం గులాబీ ఎక్కడ కనిపించినా తెల్లపువ్వుకు రంగునీళ్లు తాగించిందే.

బ్లూ మూన్‌కు వాసన చూశారా? దాన్ని పెంచుకోవాల్సింది వాసన కోసం.

నీలిగులాబీ
చూశానండీ. వాసనకే ఇంకా కుండీలో ఉంది, లేకపోతే ఎప్పుడో చెత్తబుట్టకు పోయేది. నిమ్మకాయ వాసన లాంటిది, పొద్దున్నే ఎక్కువ. మధ్యాహ్నం ఎండలో ముక్కు ఆనించినా ఏమీ లేదు.

వానాకాలం
నేను ఉండేది ఏడాదిలో సగం రోజులు తడిగా ఉండే చోట. మీరందరూ రంగు, వాసన అంటుంటే నాకు నవ్వొస్తుంది. నా దగ్గర రకం మంచిదో కాదో తేల్చేది ఒక్కటే, నల్లమచ్చ తెగులు.

పాపా మెయ్యాన్ అనే రకం పెట్టాను. పువ్వు చూస్తే ముదురు ఎరుపు మఖమల్, దాదాపు నలుపు. కానీ చినుకులు మొదలైన మూడో వారానికి కింది ఆకులు పసుపు, వాటి మీద అంచులు చెదిరిన నల్లమచ్చలు, ఆ తర్వాత కాడలే మిగిలాయి. చిగుళ్లకు బూడిద తెగులు అదనం. ఐస్‌బెర్గ్ కూడా నా దగ్గర మచ్చ తెచ్చుకుంటుంది, కానీ అది మొండిది, ఆకులు రాల్చుకుని మళ్లీ చిగురిస్తుంది. మచ్చ నిజంగా వదిలేసింది నాకౌట్ అనే రకాన్ని ఒక్కదాన్నే. విలియం రాడ్లర్ అనే ఆయన తన ఇంట్లోనే మచ్చ తట్టుకునే రకం కోసం ఏళ్ల తరబడి మొక్కలు కలిపి చేసిందట, 2000లో బయటికొచ్చింది. ఏడాది పొడవునా ఆకు నిండుగా, పూత మీద పూత. ఇక వాసన అంటారా, కాగితం పువ్వు నయం.

ముళ్లకంప
నాకౌట్ అంటే గవర్నమెంటు ఉద్యోగం అల్లుడు. ఏ లోటూ చెప్పలేం, ఏ ముచ్చటా చెప్పలేం.

వానాకాలం
😂 అదే.

పాపా మెయ్యాన్ పోయిన చోట మిస్టర్ లింకన్ పెట్టాను. తర్వాత తెలిసింది, రెండూ తోబుట్టువులేనట, క్రైస్లర్ ఇంపీరియల్, చార్ల్స్ మాలెరాన్ అనే రెండు గులాబీల పిల్లలు. ఒకే తల్లిదండ్రులకు పుట్టినా లింకన్ గట్టిపిండం. కొమ్మ నిలువుగా ఆరడుగులు లేస్తుంది, మచ్చ వచ్చినా మొత్తం కుంగిపోదు.

కత్తెర
వానాకాలం గారూ, నీళ్లు ఎప్పుడు పోస్తారు? సాయంత్రమా?

వానాకాలం
పైపుతో, అవును, ఆఫీసు నుంచి వచ్చాక. ఆకులు కడిగినట్టు ఉంటుందని పైనుంచే.

కత్తెర
అదే దాన్ని పెంచుతోంది. నల్లమచ్చ బీజం ఆకు మీద మొలకెత్తి లోపలికి దిగాలంటే ఆకు ఏకధాటిగా ఏడు గంటలు తడిగా ఉండాలి. మీరు సాయంత్రం తడిపితే తెల్లారేదాకా తడే. వాన మన చేతుల్లో లేదు, పైపు ఉంది. పొద్దున పోయండి, మొదట్లోనే పోయండి. రాలిన ఆకుల్ని కుండీలో ఉంచకండి, ఎరువవుతుందని జాలిపడకండి, వాన చినుకు పడి చిందినప్పుడల్లా మచ్చ వాటి నుంచే పైకెక్కుతుంది. నేలకు జానెడు ఎత్తు దాకా కింది ఆకులు తీసేస్తే ఆ దారి కూడా తగ్గుతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య గాలి ఆడాలి.

మందులు దాని తర్వాత. మచ్చ పడ్డ ఆకును ఏ మందూ పచ్చగా చేయదు.

మేడమీదిమట్టి
నాది దానికి ఉల్టా సమస్య. ఎండ, వేడిగాలి. మినియేచర్లు వరసగా పది కుండీలు పెట్టాను, రెండు వారాల్లో ఆకులన్నీ ఇసుక చల్లినట్టు తెల్లతెల్లని చుక్కలు. ఎరువు తక్కువైందనుకుని పోశాను, ఇంకా పెరిగింది. చివరికి ఆకు తిప్పి తెల్లకాగితం మీద తడితే మిరియప్పొడి రాలినట్టు రాలింది. ఆ పొడి నడవడం మొదలుపెట్టింది! ఎర్రనల్లి.

వరసగా నాలుగు రోజులు పొద్దున పైపు వేళ్లతో నొక్కి పట్టి ఆకుల అడుగు భాగాన గట్టిగా కొట్టాను, తర్వాత సాయంత్రాలు వేపనూనె. తగ్గింది. కాబట్టి కత్తెర గారూ, ఆకులు తడపొద్దనే మాట అందరికీ కాదు.

కత్తెర
ఒప్పుకుంటాను. పొడిచోట తడపాలి, కానీ పొద్దున.

తొలిచిగురు
అందరూ మాట్లాడుతుంటే నేను నా కుండీ చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడేం చేయాలి? ఆ కొమ్మను మొదలంటా కత్తిరించేస్తే సరిపోతుందా? అసలు డబుల్ డిలైట్ ఇంకా బతికే ఉందా?

కత్తెర
కత్తిరించొద్దు. నా పేరు ఇది పెట్టుకుని చెప్తున్నాను, కత్తెర వాడొద్దు. కోస్తే దాని మొదట్లో నిద్రపోతున్న చిగురు కన్నులు నాలుగు లేచి నాలుగు పిలకలవుతాయి. మట్టి తోడి, అది వేరు మీద ఎక్కడ పుట్టిందో అక్కడి దాకా వెళ్లి, మందపాటి గ్లవుజు వేసుకుని కిందికి చీల్చినట్టు లాగేయండి. మడమతో, అంటే పుట్టిన చోటి ముక్కతో సహా ఊడిరావాలి.

బతికుందో లేదో తెలియాలంటే ముడి మీద మిగిలిన మోడును గోటితో గీకండి. లోపల ఆకుపచ్చగా ఉంటే ఉన్నట్టే. గోధుమరంగు ఉంటే ఇంకా కిందికి గీకండి.

తొలిచిగురు
మూడు మోళ్లలో రెండు ఎండుపుల్లలే. మూడోదానికి ముడి దగ్గర వేలి వెడల్పు మేర ఆకుపచ్చగా ఉంది! పిలక లాగేశాను, చిన్న మడమతో ఊడొచ్చింది. లాగుతుంటే ఏడుపొచ్చింది, నిజం చెప్పాలంటే. ఏడాది పెంచాను కదా.

పాతగులాబీ
పారేయకు తల్లీ, అంత పూసేదాన్ని. ప్రహరీ పక్కన నాటెయ్.

కత్తెర
పాతగులాబీ గారూ, వద్దండీ. మల్టిఫ్లోరా నేలలో దిగితే వదలదు. అమెరికాలో దాన్ని మొదట్లో కంచె మొక్కగా ప్రోత్సహించారు, తర్వాత చాలా రాష్ట్రాల్లో కలుపు మొక్కగా ప్రకటించాల్సి వచ్చింది. పక్షులు పళ్లు తిని ఊరంతా విత్తుతాయి. కావాలంటే దాని కొమ్మలు జానెడు ముక్కలు చేసి కుండీల్లో గుచ్చండి. వేరు పట్టాక వాటి మీదే బడ్డింగ్ (వేరే మొక్క కన్ను తీసి అంటు కట్టడం) నేర్చుకోవచ్చు. డబుల్ డిలైట్ కోలుకుంటే దాని కన్నే తీసి కట్టొచ్చు.

ముళ్లకంప
అద్దెవాణ్ణి ఖాళీ చేయించి మళ్లీ వాచ్‌మన్‌గా పెట్టుకోవడం. బాగుంది.

వానాకాలం
తొలిచిగురు గారూ, మోడుకు కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకండి. ఆకుల్లేని మొక్క అంత నీరూ తాగదు, ఎరువూ తినదు. నేను ఒకటి ఇలాగే జాలిపడి చంపాను.

నీలిగులాబీ
అరటితొక్కల నీళ్లు? అందరూ అదే చెప్తారు కదా.

కత్తెర
తొక్కలు కంపోస్టులో వేయండి, కుళ్లాక పనికొస్తాయి. నీళ్లలో నానబెట్టి పోస్తే దోమలకు లాభం. ఎప్సమ్ సాల్ట్ కూడా అడగబోతున్నారని తెలుసు: మెగ్నీషియం లోటున్న మట్టికే అది, అందరికీ కాదు. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు పచ్చగా ఉంటే చాలాసార్లు మట్టి క్షారం ఎక్కువై ఇనుము అందకపోవడం. గులాబీకి మట్టి పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) 6 నుంచి 6.5 దాకా ఉంటే హాయి.

మేడమీదిమట్టి
ముడి మట్టిలో రెండంగుళాలు కూరుకుపోయి ఉందన్నారు కదా, అది పైకి ఉండాలి కదా?

కత్తెర
నేల గడ్డకట్టేంత చలి ఉన్న చోట ముడిని కప్పాలి, లేకపోతే మంచుకు పోతుంది. వేడి ప్రాంతంలో పైకే మంచిది, పిలక వస్తే వెంటనే కనిపిస్తుంది. ఏటా పైన ఎరువు, మట్టి వేస్తూ పోతాం, ముడి మెల్లగా మునిగిపోతుంది. తొలిచిగురు గారిదీ అలాగే జరిగుంటుంది.

తొలిచిగురు *(పది వారాల తర్వాత)*
మర్చిపోయాననుకున్నారా? ఆ మోడుకు నాలుగో వారంలో ఆవగింజంత ఎర్రటి కన్ను లేచింది. ఇప్పుడు రెండు జానల కొమ్మ. చిగురాకులు రాగిరంగులో ఉన్నాయి, కాడ దగ్గర రెక్కలు నున్నగా ఉన్నాయి, రోజూ తడిమి చూస్తున్నాను. కొన్నిటికి ఏడాకులు ఉన్నాయి, ముళ్లకంప గారూ, ముట్టుకోలేదు.

నిన్న మొగ్గ పగిలింది. వెన్నరంగే. కానీ అంచుకు ఎరుపు లేదు.

ముళ్లకంప
హమ్మయ్య! ఇంటివాడు తిరిగొచ్చాడు.

మేడమీదిమట్టి
నేను మొదట్లోనే చెప్పాను, ఎండలో పెట్టమని. ఆరోజు తప్పైంది, ఇవాళ వినండి.

తొలిచిగురు
నిన్ననే జరిపానండీ. పొద్దున బయటి రేకు ఒకటి అంచున సూదితో గీసినంత ఎర్రబడింది. మధ్యాహ్నం మళ్లీ చూసొస్తాను.